మోచేతి దగ్గర నరం నొక్కుకుంది, ఆపరేషన్ చేయించుకుంటే మళ్లీ పాలు పిండగలనా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఐదు ఆవులున్నాయి, రెండు పూటలా నేనే పాలు పిండుతాను. ఏడాదికి పైగా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రిళ్లు మెలకువొచ్చి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తోంది. మూడు నాలుగు నెలలుగా పట్టు కూడా తగ్గింది, చన్ను పట్టుకుంటే కింది వేళ్లు బిగుసుకోవట్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లోపలికి పోయిందని మా ఆవిడే ముందు చూసింది. నరాల పరీక్ష చేయిస్తే మోచేతి దగ్గర అల్నార్ నరం నొక్కుకుపోయిందన్నారు, వేగం 36 అని రాశారు. ఒక డాక్టరు నరం మీది బిగువు కోసి వదిలితే చాలన్నారు, ఇంకో డాక్టరు నరాన్ని తీసి మోచేతి ముందువైపుకు మార్చాలన్నారు. నాకు ఆరేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. మా పక్కూరాయన ఇదే ఆపరేషన్ చేయించుకుని ఏడాదిన్నరయింది, వేళ్లు వంకరగానే ఉన్నాయి. నిజంగా దీంతో బాగవుతుందా? ఏది చేయించుకోవాలి? మళ్లీ పాలు పిండగలనా?

జవాబు:

అన్నా, చేయించుకోండి. అది కూడా మామిడికాయలు దించాక, పండగ వెళ్లాక అని వాయిదా వెయ్యకుండా, ఈ నెలో వచ్చే నెలో అయిపోయేలా చూసుకోండి. మీరు రాసిన వాటిలో తిమ్మిరి కన్నా, 36 అనే అంకె కన్నా నాకు ఎక్కువ పట్టింపుగా అనిపించింది మీ ఆవిడ చూసిన ఆ గుంట. తిమ్మిరితో ఏళ్లు గడిపినవాళ్లు ఉన్నారు, కానీ కండ తగ్గడం మొదలయ్యాక మాత్రం లెక్క వేరు.

నేను సర్జన్‌ని కాను, ముందే చెబుతున్నా. తిరుపతిలో ఫిజియోథెరపీ చేస్తాను, ఆపరేషన్ అయి కట్టు విప్పాక చేతులు నా దగ్గరికి వస్తాయి. అందుకే ఏ పద్ధతి గొప్పది అనే వాదన మీద నాకు పెద్ద ఆసక్తి లేదు, ఏడాది తర్వాత ఆ చెయ్యి ఏం పని చేస్తోంది అనేదే చూస్తాను. అలా చూస్తే ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది ఏ ఆపరేషన్ అన్నది కాదు, నరం ఎంత చెడ్డాక వెళ్లారు అన్నది.

మోచేయి గుమ్మానికి తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది చూడండి, ఆ నరమే ఇది. మోచేతి లోపలివైపు పొడుచుకొచ్చిన ఎముక బుడిపె వెనక ఒక సన్నటి సందులోంచి పోతుంది. అక్కడ దానికి పైన కండ అడ్డం లేదు, చర్మం కిందే ఉంటుంది. ఆ సందు దాటగానే ముంజేతి కండ రెండు పాయల మధ్యకు దూరుతుంది, ఆ రెండు పాయల్నీ కలుపుతూ పైన ఒక గట్టి పొర ఉంటుంది. చెయ్యి చాపితే ఆ పొర వదులవుతుంది, మడిస్తే బిగుసుకుంటుంది, సందు ఇరుకవుతుంది, నరం కూడా సాగుతుంది. మీరు పొద్దునా సాయంత్రం పొదుగు దగ్గర కూర్చుని, మోచేతులు మడిచి, ముంజేతి కండలు బిగించి ఐదు ఆవుల పాలు పిండుతారు, రాత్రి చాలామందిలాగే చెయ్యి మడిచి తల కింద పెట్టుకుని పడుకుంటారేమో కూడా. పాలు పిండడం వల్లే ఇది వచ్చిందని నేననను, చాలామందికి ఫలానా కారణమని వేలు పెట్టి చూపించలేం. కానీ వచ్చిన తర్వాత దానికి విశ్రాంతి లేకపోయిందన్నది మాత్రం తెలుస్తూనే ఉంది. ఇదేదో వింత జబ్బని కంగారు పడకండి, నరాలు ఇరుకులో నొక్కుకుపోయే జబ్బుల్లో మణికట్టుది మొదటిది, మోచేతిది రెండోది.

ఇక పట్టు ఎందుకు పోతోందో మీ పనిలోనే కనిపిస్తుంది. చన్ను మొదట్లో బొటనవేలు, చూపుడువేలు బిగించి, తర్వాత నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు వరసగా మూస్తూ పాలు కిందికి దించుతాం కదా. ఆ చివరి రెండు వేళ్లను లోతుగా మడిచే కండలూ, పైన బొటనవేలు చూపుడువేలు అదిమి పట్టడానికి కావలసిన అరచేతిలోని చిన్న కండలూ ఈ నరం చెప్పినట్టే వింటాయి. అంటే మీ పట్టుకు పైనా దెబ్బే, కిందా దెబ్బే.

ఒకటి చేసి చూడండి. పాలకేంద్రం వాళ్లిచ్చే చీటీ ఉంటుంది కదా, అలాంటివి రెండు తీసుకుని, ఒక్కో చేతిలో ఒకటి, తాళంచెవి పట్టుకున్నట్టు బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య అదిమి పట్టుకోండి. మీ ఆవిడను రెండూ ఒకేసారి లాగమనండి. బాగున్న చేతిలో బొటనవేలు చదునుగా ఆనుకునే ఉంటుంది. దెబ్బతిన్న చేతిలో చీటీ జారకుండా ఆపాలని చూసేసరికి బొటనవేలి చివరి కణుపు టక్కున మడతపడుతుంది. మీరు మడవాలని మడిచింది కాదది. అదిమి పట్టాల్సిన కండకు చేతకాక, వేరే నరం కింద పనిచేసే కండ వచ్చి ఆదుకుంటోందన్నమాట. దీన్ని ఫ్రోమెంట్ పరీక్ష అంటారు, రూపాయి ఖర్చు లేదు. చొక్కా జేబులోకి చెయ్యి పోనిస్తే చిటికెన వేలు ఒక్కటీ బయటే తగులుకుంటోందా, అది కూడా గమనించండి, అదీ దీని లక్షణమే.

1950లో మెక్‌గోవన్ అనే డాక్టరు ఈ జబ్బును మూడు మెట్లుగా విడగొట్టారు, ఇప్పటికీ డాక్టర్లు ఆ లెక్కే వాడుతున్నారు. తిమ్మిరి ఒక్కటే ఉంటే మొదటి మెట్టు. పట్టు తగ్గి, కండ పల్చబడితే రెండో మెట్టు. కండలు దాదాపు పోయి, వేళ్లు కొక్కెంలా ముడుచుకుంటే మూడోది. మీరు రాసిన దాన్ని బట్టి మీరు రెండో మెట్టు మీదున్నారు. మీ పక్కూరాయన చెయ్యి నేను చూడలేదు, కానీ వేళ్లు వంకరపోయాక ఆపరేషన్‌కు వెళ్లారేమో ఒకసారి అడగండి. నూటికి తొంభై పాళ్లు అదే అయి ఉంటుందని నా అనుమానం. ఆపరేషన్ వికటించడం వేరు, ఆలస్యంగా వెళ్లడం వేరు. ఊళ్లో మాత్రం రెంటినీ కలిపేసి ఆపరేషన్ పనికిరాదని తేల్చేస్తారు.

మొదటి మెట్టులో ఉన్నవాళ్లకు నేను ఆపరేషన్ మాట ఎత్తను. రాత్రి మోచేయి మడవకుండా ఉంచుకోవడం, బల్ల మీద మోచేయి ఆనించకపోవడం, ఫోను చెవి దగ్గర గంటలు గంటలు పట్టుకోకపోవడం, వీటితోనే చాలామందికి సర్దుకుంటుంది. కొన్ని నెలలు చూసి తగ్గకపోతే అప్పుడు ఆలోచించాలి. మీకు ఆ గడువు దాటిపోయింది. ఇంకో మాట, మన దగ్గర నరం అనగానే బి12 బిళ్లలు రాసేస్తారు. మీరు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కాబట్టి మీ విషయంలో బి12 చూపించుకోవడం మంచిదే, ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. కానీ ఎన్ని బిళ్లలు మింగినా మోచేతి దగ్గరి పొర వదులుకాదు.

ఇప్పుడు ఆపరేషన్ దగ్గరికి వద్దాం. ఒక డాక్టరు ఒకటి, ఇంకో డాక్టరు ఇంకొకటి చెప్పడంతో ఇద్దరిలో ఎవరో మోసం చేస్తున్నారని మీకు అనిపించి ఉంటుంది. అలా ఏమీ లేదు, రెండూ దశాబ్దాలుగా చేస్తున్నవే. మొదటిది, నరం ఉన్నచోటే ఉంచి పైన బిగించే పొరను కోసి వదిలెయ్యడం. రెండోది, ఆ సందులోంచి నరాన్ని బయటికి తీసి ఎముక బుడిపెకు ముందువైపున చర్మం కిందో, కండ కిందో పెట్టడం, అప్పుడు మోచేయి మడిచినా నరం సాగదు. వినడానికి రెండోదే తెలివైన పనిలా ఉంటుంది, సమస్యను మూలంలోంచి తీసేసినట్టు. నిజంగా పోల్చి చూస్తే అలా తేలలేదు.

2005లో నెదర్లాండ్స్‌లో ఇలాంటి 152 మందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు, ఎవరికి ఏది చెయ్యాలన్నది డాక్టరు ఇష్టం కాకుండా. 75 మందికి పొర కోసి వదిలారు, 77 మందికి నరాన్ని ముందుకు మార్చి చర్మం కింద పెట్టారు. ఏడాదికి చూస్తే, బాగుంది లేదా చాలా బాగుంది అనిపించుకున్నవాళ్లు మొదటి గుంపులో 49 మంది, రెండో గుంపులో 54 మంది. నూటికి 65, 70 అనుకోండి, గట్టి తేడా కింద లెక్కకు రాదు. కానీ ఆపరేషన్ వల్ల వచ్చిన ఇబ్బందులు మొదటి గుంపులో 9.6 శాతం, రెండో దాంట్లో 31.1 శాతం. తర్వాత ఇలాంటి పోలికలన్నీ కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష కూడా అదే తేల్చింది, పని చెయ్యడంలో రెండూ ఒకటే, నరం మార్చినప్పుడు గాయానికి చీము పట్టడం ఎక్కువ. మీకు షుగర్ ఉంది, రోజూ పేడలో గడ్డిలో పని. ఆ రెండో ముక్క మీకు మామూలు మనిషి కన్నా ఎక్కువ ముఖ్యం.

నరాన్ని అంతదూరం లేపి మార్చాలంటే దాన్ని చుట్టుపక్కల నుంచి ఎక్కువ విడదీయాలి, దానికి రక్తం అందించే సన్నటి నాళాలు కొన్ని తెగుతాయి, కోత కూడా పెద్దది. ఆ కోత దారిలోనే ముంజేతి లోపలి చర్మానికి స్పర్శ ఇచ్చే సన్నటి నరం కొమ్మలు అడ్డంగా పోతుంటాయి. వాటిలో ఒకటి తెగినా, కుట్టులో చిక్కుకున్నా చిటికెన వేలు బాగుపడి మోచేతి దగ్గర కొత్త నొప్పి పట్టుకుంటుంది, చొక్కా చెయ్యి తగిలినా ఒళ్లు జలదరించేంత. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో అసలు తిమ్మిరి కన్నా ఇలాంటివి తక్కువేం కాదు. పొర కోసి వదిలే ఆపరేషన్లో కూడా ఇది జరగొచ్చు, కోత చిన్నది కాబట్టి అవకాశం తక్కువ.

కాబట్టి నా ఓటు మొదటి డాక్టరుకే, కానీ ఒక షరతు మీద. మోచేయి మడిచినప్పుడు నరం ఆ ఎముక బుడిపె మీదుగా టక్కుమని ముందుకు జారి, చాపినప్పుడు వెనక్కి పోతోందేమో చూడాలి. ఎడమచేతి వేళ్లు ఆ బుడిపె మీద ఆనించి కుడి మోచేయి మెల్లగా మడవండి, వేళ్ల కింద తాడు ముక్క లాంటిది దాటుతున్నట్టు తెలిస్తే డాక్టరుకు చెప్పండి. అలా జారే నరాన్ని అక్కడే వదిలేస్తే రాపిడి ఆగదు, అలాంటప్పుడు ముందుకు మార్చడమో, ఆ ఎముక బుడిపెను కొంత చెక్కెయ్యడమో సబబు. చిన్నప్పుడు మోచేయి విరిగి, చెయ్యి బయటికి వంగిపోయినట్టు పెరిగినవాళ్లకు కూడా అంతే. అలా విరిగిన ఇరవై ముప్పై ఏళ్లకు ఈ నరం మొరాయించడం పుస్తకాల్లో ఉన్న సంగతే, మీరు చిన్నప్పటి దెబ్బ గురించి ఏమీ రాయలేదు కాబట్టి అడుగుతున్నా. ఇదివరకే ఒకసారి పొర కోసి ఫలితం లేక మళ్లీ చేయించుకునేవాళ్లకు కూడా మార్చడమే చేస్తారు, రెండోసారి ఆపరేషన్ ఫలితం మొదటిసారంత బాగుండదన్నది వేరే సంగతి. రెండో డాక్టరు వీటిలో ఏదో చూసి ఆ మాట అని ఉండొచ్చు, ఎందుకు మార్చాలంటున్నారో ఆయన్నే అడగండి. కారణం చెబితే వినండి, ‘నేను అందరికీ అలాగే చేస్తాను’ అంటే మీ ఇష్టం. కెమెరాతో చిన్న కోత పెట్టి చేస్తామనేవాళ్లూ ఉన్నారు, చెడ్డదేం కాదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరమైతే నాకు కనిపించలేదు.

ఆపరేషన్‌కు ముందు తేల్చుకోవాల్సిన ఇంకో విషయం, నొక్కుకున్నది మోచేతి దగ్గరేనా అని. మీ రిపోర్టు అదే అంటోంది, మోచేతి దగ్గర వేగం సెకనుకు 50 మీటర్ల కన్నా తక్కువుంటే అనుమానించాలంటారు, మీది 36. అయినా చేత్తో తడిమి చూసుకోండి. తిమ్మిరి అరచేతి వైపే కాక చెయ్యి వెనకవైపు చిటికెన వేలి పక్కన కూడా ఉంటే మణికట్టు దగ్గరి నొక్కుడు కాదు, దానికి పైనే. తిమ్మిరి మణికట్టు దాటి ముంజేతి లోపలి పక్కంతా పాకి ఉంటే మెడ దగ్గరి నరం సంగతి చూడాలి, అది వదిలేసి మోచేయి కోస్తే ఏం లాభం? ఇంకొకటి, మన దేశంలో ఈ నరం మోచేతి దగ్గర తాడులా లావెక్కిందంటే కుష్ఠు ఉందేమో అని చూడకుండా కత్తి పెట్టకూడదు. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందేమో మీ ఆవిడను వీపు కూడా చూడమనండి. భయపెట్టడానికి కాదు, ఉంటే దానికి మందులున్నాయి, దారి వేరు, అంతే.

రిపోర్టు చేతికొస్తే అందరూ వేగం అంకె చూసి ఊరుకుంటారు. దాని పక్కనే ఆంప్లిట్యూడ్ అని, అంటే సంకేతం ఎంత బలంగా వచ్చిందో చెప్పే ఇంకో అంకె ఉంటుంది, ఎడమచేతిదాంతో పోల్చి అది ఎంత తగ్గిందో డాక్టరును చెప్పమనండి. వేగం తగ్గితే నరం మీది తొడుగు దెబ్బతిందని అర్థం, ఒత్తిడి తీసేస్తే అది వారాల్లో, నెలల్లో కోలుకుంటుంది. ఆంప్లిట్యూడ్ బాగా పడిపోతే లోపలి పోగులే చచ్చిపోతున్నాయని, అవి మోచేతి నుంచి మళ్లీ మొలిచి రావాలి. మీ చేతికి ఏమాత్రం తిరిగొస్తుందో ముందుగా చెప్పగలిగింది ఏదైనా ఉంటే అదే.

నరం పోగు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మీ మోచేతి నుంచి బొటనవేలి దగ్గరి ఆ గుంటకు ఒక అడుగు దూరం ఉంటుంది, అంటే అంతా సవ్యంగా సాగితే పది నెలలు, ఏడాది. ఈలోపు కండ ఖాళీగా కూర్చోదు, నరం అందని కండ ఏడాది, ఏడాదిన్నర దాటితే తీగలాగా గట్టిపడిపోయి, తర్వాత నరం వచ్చి తలుపు తట్టినా పలకదు. లైనుమన్ వచ్చి తెగిన వైరు కలిపినా, బోరులో మోటరు ఈలోపే కాలిపోయి ఉంటే నీళ్లు రావు కదా, అలాగ. వంకరపోయిన వేళ్లు ఆపరేషన్ తర్వాత కూడా వంకరగానే ఎందుకు ఉండిపోతాయో, నేను ఈ నెలే అని ఎందుకు గొడవ చేస్తున్నానో ఇందులోనే ఉంది.

మరి మీకు ఏం వస్తుంది? నేను చూసినంతలో ముందు తిరిగొచ్చేది నిద్ర. రాత్రి లేచి విదిలించుకోవడం చాలామందికి మొదటి వారాల్లోనే తగ్గిపోతుంది. తర్వాత తిమ్మిరి పల్చబడుతూ వస్తుంది, పూర్తిగా పోవచ్చు, చిటికెన వేలి కొసన కొంచెం మొద్దుబారినట్టు మిగలొచ్చు. పట్టు ఆ తర్వాత వస్తుంది, నెలల మీద, మీ మెట్టులో చాలామందికి మెరుగవుతుంది, అందరికీ పాతంత రాదు. ఆ గుంట పూడడం అన్నిటికన్నా చివరిది, అది పూడకపోవచ్చు కూడా. దాన్ని అద్దం పెట్టుకుని చూస్తూ కూర్చోకండి, గుంట ఉన్నా పని చేసుకునేవాళ్లు ఉన్నారు. ఆపరేషన్ మొదటి పని ఇంకా చెడకుండా ఆపడం. అది జరిగితే మీరు గెలిచినట్టే లెక్కేసుకోండి, పైన వచ్చిందంతా లాభం. షుగర్ ఉన్నవాళ్లకు కోలుకోవడం నెమ్మది, షుగర్ వల్ల నరాలు అప్పటికే కొంత దెబ్బతిని ఉంటే వచ్చేది కూడా తగ్గొచ్చు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ చేయించి, ఎక్కువుంటే ఆపరేషన్‌కు ముందే దారిలో పెట్టుకోండి. బీడీ సిగరెట్ అలవాటుంటే అది కూడా.

ఆపరేషన్ తర్వాత సంగతి. సాధారణంగా అదే రోజో మర్నాడో ఇంటికి పంపిస్తారు. పది పన్నెండు రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు కుట్లు విప్పుతారు. పొర కోసి వదిలింది అయితే మోచేయి తొందరగానే ఆడించమంటారు, అది కదలాలి, లేకపోతే నరం చుట్టూ మచ్చ పట్టుకుంటుంది. కండ కింద పెట్టి మార్చితే రెండు మూడు వారాలు కట్టు. వేళ్లు మాత్రం ఏదైనా సరే మొదటి రోజు నుంచే మూసి తెరుస్తూ ఉండాలి. పట్టు రావాలని రబ్బరు బంతి తెచ్చుకుని పొద్దస్తమానం నొక్కుతారు కొందరు, మొదటి నెలలో దయచేసి వద్దు, ముంజేతి కండ బిగిసేకొద్దీ ఇప్పుడే కోసిన చోట ఒత్తిడి పెరుగుతుంది. కొన్ని నెలలకు మోచేతి కింద తట్టితే జివ్వుమనడం కొంచెం కొంచెంగా కిందికి, మణికట్టు వైపు జరుగుతోందనుకోండి, జబ్బు తిరగబెట్టిందని పరిగెత్తకండి, నరం పెరుగుతున్న గుర్తు అది.

ఇంటి పని కొంచెం కొంచెంగా రెండు మూడు వారాలకు మొదలవుతుంది. పాలు పిండడం మాత్రం ఆరు నుంచి ఎనిమిది వారాలు మరచిపోండి, నరం మార్చితే ఇంకో నెల ఎక్కువ. ఇదే మీకు అసలు కష్టమని నాకు తెలుసు, ఆవు పొదుగు మీ చేతి కోసం ఆగదు. ఎడమచేత్తోనే అన్నీ కానిచ్చేస్తానని అనుకోవద్దు, ఒక పక్క వచ్చినవాళ్లకు రెండో పక్కన కూడా రావడం అరుదేమీ కాదు. ఇంట్లో ఇంకొకరు అలవాటు చేసుకోవాలి, ఆవులు కొత్త చేతికి చేపడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టించండి. ఐదు ఆవులకు పాలు పితికే చిన్న మిషన్ పెట్టుకోవడం దుబారా కాదు, ఇక మీదట కూడా రెండు పూటలా చేత్తో పిండడం మీ చేతికి మంచిది కాదు కనుక అది ఆలోచించండి. కుట్లు విప్పి గాయం పూర్తిగా మానేవరకు కొట్టంలో పేడ ఎత్తే పని, గడ్డి మిషన్ పని వద్దు. ఇది నేను మామూలుగా అందరికీ చెప్పే జాగ్రత్త కాదు, షుగర్ ఉండి కొట్టంలో పనిచేసే మీకు చెబుతున్నది.

స్పర్శ లేని వేళ్లకు కాలినా తెలియదు. పాల గిన్నె దించేటప్పుడు గుడ్డ పట్టుకోండి, కొడవలి పట్టినప్పుడు చిటికెన వేలు ఎక్కడుందో కంటితో చూసుకోండి. ఆపరేషన్ డేటు వచ్చేదాకా రాత్రి పాత టవల్ ఒకటి మోచేతి చుట్టూ వదులుగా చుట్టి కట్టుకోండి, చెయ్యి పూర్తిగా మడతపడకుండా ఆపుతుంది, నిద్రయినా పడుతుంది.

ఎక్కడ అంటారా, నేను ఫలానా డాక్టరని చెప్పను. తిరుపతిలో ఆసుపత్రులంటే బర్డ్ ఉంది, స్విమ్స్ ఉంది, రుయా ఉంది. వేలూరు మీకు తిరుపతి కన్నా దగ్గర, అక్కడ సీఎంసీలో చేతి సర్జరీకి చాలా పాత చరిత్ర ఉంది. 1940ల చివర్లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ కుష్ఠు వల్ల ఇదే నరం పోయి కొక్కెంలా ముడుచుకున్న వేళ్లకు, పనిచేస్తున్న వేరే కండరాల స్నాయువులను, అంటే కండను ఎముకకు కట్టే తాళ్లను, దారి మళ్లించి కలిపే ఆపరేషన్లు చేసింది అక్కడే. మీ పక్కూరాయనకు ఈ మాట చేరవెయ్యండి. ఆయన నరం తిరిగి రాకపోయినా, వేళ్లు మరీ గట్టిపడిపోకపోతే అలాంటి స్నాయువు మార్పిడితో పట్టు కొంత తెచ్చుకోవచ్చు, అది ఏడాదిన్నర తర్వాత కూడా చేస్తారు. కండలు బాగా దెబ్బతిన్నా ఇంకా చావని వాళ్లకు, మణికట్టు దగ్గర పక్క నరం కొమ్మ ఒకటి తెచ్చి ఈ నరానికి కలిపే పద్ధతి కూడా కొన్నిచోట్ల చేస్తున్నారు, దూరం తగ్గి కండకు తొందరగా నరం అందాలని. అది మీకు అవసరం పడే దశ కాదనుకుంటున్నా, అయినా ఆంప్లిట్యూడ్ బాగా పడిపోయి ఉంటే అడిగి చూడండి. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కార్డుంటే ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్ల దగ్గర ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి, తర్వాత బిల్లు దగ్గర తగువు పడేకన్నా.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు నరాల పరీక్ష కాగితం అసలుది, షుగర్ రిపోర్టు, వేసుకునే మాత్రల చీటీ పట్టుకెళ్లండి. రక్తం పల్చబడే మాత్ర ఏదైనా ఉంటే ముందే చెప్పండి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి ఫోనులో ఒక ఫొటో తీయించుకోండి, ఆరు నెలల తర్వాత పట్టు పెరిగిందా లేదా అని ఇంట్లో వాదన వచ్చినప్పుడు పనికొస్తుంది. ఆ రోజు పొద్దున పాలు ఎవరు పిండాలో కూడా మాట్లాడుకునే బయల్దేరండి, ఒక్కోచోట ఖాళీ ఉంటే మర్నాడే రమ్మంటారు.